ఆదివారం ఫోను

నరసాపురం రేవులో మనుషుల్నీ సైకిళ్ళనీ గోదావరి దాటించే ఇనుప పంటుకు ఎక్కడైనా నీరు కారితే, కబురు వీరబ్రహ్మం వెల్డింగు షెడ్డుకు వెళ్ళేది. షెడ్డు వీరబ్రహ్మానిదే గాని కబురు మాత్రం సామ్యేలుకు. పంటును ఒడ్డుకు లాగి దిమ్మల మీదికి ఎత్తితే, దాని కింద బురదలో వెల్లకిలా పడుకుని, నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని, తలకు పైనున్న రేకు మీద రాడ్డు నడిపేవాడు. కరిగిన ఇనుము కిందికి జారకుండా తలకిందుల అతుకు వేయడం అందరి చేతా కాదు. ఐటీఐలో చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు గాని, పని నేర్చింది మాత్రం ఆ బురదలోనే. మెడ మీద, భుజాల మీద నిప్పురవ్వల మచ్చలు చూస్తే ఎన్నేళ్ళ పనో తెలిసిపోయేది.

పంటు కింద పడుకుని పనిచేసేవాడికి ఓడ కింద నిలబడి పనిచేయాలని ఉండటం సహజం. విశాఖపట్నంలో రక్షణశాఖ ఓడలకు మరమ్మతులు చేసే ఒక యార్డులో వెల్డర్లు కావాలని 1998లో ప్రకటన పడితే సామ్యేలు దరఖాస్తు పెట్టాడు. పిలిచారు. ఇచ్చిన రెండు పలకల్ని అతికాడు. వాళ్ళు సుత్తితో కొట్టి చూశారు, ఎక్స్‌రే తీసి చూశారు. లోపల ఒక్క బుడగ లేదు. ఉద్యోగం నీదేనన్నారు. అయితే ఆ గేటు దాటడానికి చేతిపని ఒక్కటే చాలదు. మనిషెవరో, అతని వాళ్ళెవరో పోలీసులు విచారించి, భద్రతా విభాగం సరేనంటేనే పాసు వస్తుంది. అందుకోసం ఒక ఫారం చేతికిచ్చి పంపారు.

ఇల్లు, బడి, చర్చి, పనిచేసిన చోట్లు అన్నీ గబగబా రాసేశాడు. దగ్గరి బంధువుల్లో విదేశీ పౌరులెవరైనా ఉన్నారా, ఉంటే వారితో సంబంధాలు ఎలాంటివి అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

సామ్యేలుకు ఒక్కతే అక్క, ఆశాజ్యోతి. అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి రత్నమాణిక్యం లేసు అల్లకానికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆ పిల్లే. అక్క చేతిలోని కొక్కెం ఆడుతుంటే దారం పువ్వులయ్యేది. ఆ పనితనం చూసి యానాంలో ఆడపిల్లలకు లేసు నేర్పమని పిలిస్తే వెళ్ళింది. అక్కడే ఎజ్రా పరిచయమయ్యాడు. ఒకప్పుడు యానాం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది కదా. వాళ్ళు వెళ్ళిపోయినప్పుడు, కావాలనుకున్నవాళ్ళు ఫ్రాన్సు పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. ఎజ్రా తండ్రి అలా ఉండిపోయాడు. అందుచేత గోదావరి నీళ్ళు తాగి పెరిగిన ఎజ్రా కూడా కాగితాల లెక్కన ఫ్రాన్సువాడే. ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. పారిస్ దగ్గర ఏదో ఊళ్ళో రైళ్ళ షెడ్డులో అతనికి పని దొరికితే వెళ్ళిపోయారు.

తండ్రి ఏసుపాదం మాట పట్టింపు మనిషి. "అది చచ్చిందనుకోండి" అన్నాడు. ఉత్తరాలు వచ్చేవి. జవాబు రాయనిచ్చేవాడు కాదు. తనకూ ఫ్రెంచి పౌరసత్వం వచ్చిందని, ఆడపిల్ల పుట్టిందని, అక్కడి చలికి వేళ్ళు కొంకర్లు పోయి కొక్కెం పట్టుకోలేకపోతున్నానని రాసింది. తర్వాత రాయడం మానేసింది. తొంభై మూడులో ఏసుపాదం పోయినప్పుడు సామ్యేలు ఆ చిరునామాకు ఉత్తరం వేశాడు. ఈ ఇంట్లో అలాంటివారెవరూ లేరని ముద్ర వేసుకుని అది తిరిగొచ్చింది.

ఆదివారం ఫోను కథ మొదలైంది ఏసుపాదం శవం దగ్గర అడిగిన ఒక ప్రశ్నతో. "అమ్మాయికి తెలిసిందా వదినా?" అని ఎదురింటి శ్యామలాంబ అడిగింది. నలుగురిలో రత్నమాణిక్యం తలెత్తి, "తెలిసింది. ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు" అంది. పక్కనే ఉన్న సామ్యేలు విన్నాడు. ఆ మాట మీద ఆవిడ నిలబడి ఉంది. లాగేస్తే పడిపోతుంది. ఊరుకున్నాడు.

ఒక మాట ఆడితే దానికి తోడు పది కావాలి. ఎక్కడికి చేస్తుందంటే పాలకొల్లులో మా చుట్టాలింటికి అంది. ఎప్పుడు చేస్తుందంటే ఆదివారం అంది. ఇక ఆదివారం ఆరాధన అయ్యాక పాసింజరెక్కి పాలకొల్లు వెళ్ళక తప్పింది కాదు. సాయంత్రం బండికి తిరిగొచ్చి వీధరుగు మీద కూర్చుని, మనవరాలికి పళ్ళొచ్చాయనీ, అల్లుడికి జీతం పెరిగిందనీ చెప్పేది. పాలకొల్లులో కొన్న చీర వీధిలోకి వచ్చేసరికి ఫ్రాన్సు చీరయ్యేది. ఒకసారి రాడ్లు కొనడానికి వెళ్ళిన సామ్యేలు, పాలకొల్లు స్టేషన్లో చివరి బెంచీ మీద తల్లిని చూశాడు. ఒళ్ళో సంచి పెట్టుకుని పట్టాల వంక చూస్తోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. సాయంత్రం చెప్పబోయే కబుర్లు కూర్చుకుంటోందని అతనికి అర్థమైంది. కనపడకుండా తప్పుకున్నాడు.

ఇప్పుడీ ఫారం.

"రాయకపోతే ఎవడికి తెలుస్తాదిరా?" అన్నాడు వీరబ్రహ్మం. "తోడబుట్టినోళ్ళెవరూ లేరని రాసెయ్. అయిపోయె."

"బీట మీద రంగు పులిమినట్టే గదండీ గురువుగారూ. ఒడ్డున బాగానే ఉంటాది."

"నీకు ఉద్యోగం కావాలా, నీతులు కావాలా?"

"ఉద్యోగమే కావాలండి."

అతనికి అడ్డం వచ్చింది నీతి కాదు. నాన్న ఒకసారి అక్కను లేదనిపించాడు. మళ్ళీ తన చేత్తో లేదని రాయడానికి మనసొప్పలేదు. ఆశాజ్యోతి, అక్క, ఫ్రాన్సు పౌరురాలు, చిరునామా తెలియదు, అయిదేళ్ళ పైబడి ఎలాంటి రాకపోకలూ లేవు అని ఉన్నదున్నట్టు రాసి పంపాడు.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం, వీధి మొదట్లోని బంగార్రాజు చిల్లర కొట్టు ముందు ఒక పెద్దమనిషి మోటారు సైకిలాపాడు. తెల్ల చొక్కా, చేతిలో సంచి. సోడా తాగుతూ మెల్లగా మాట కదిపాడు.

"ఇక్కడ సామ్యేలని వెల్డింగు కుర్రాడు. తెలుసాండీ?"

"ఆయ్! తెలియకపోడమేంటండీ!"

"మనిషెలాంటోడు? తాగుడూ అదీ ఉందా? అప్పులేమన్నా? తల్లీ అదీ ఎలాంటోళ్ళు? దగ్గరి చుట్టాలెవరూ?"

గోదావరి జిల్లాల్లో కొత్తమనిషి వీధిలోకొచ్చి పెళ్ళికాని కుర్రాడి గురించి ఇలా అడిగాడంటే దానికి ఒక్కటే అర్థం. ఆడపిల్లవాళ్ళు వాకబు చేస్తున్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. అందులోనూ సామ్యేలు వీధిలో ఎవరింట ఏ ఇనుప ముక్క విరిగినా ఊరికే అతికిచ్చే కుర్రాడు. బంగార్రాజు కొట్టులోంచి బయటికొచ్చి స్టూలు వేశాడు. శ్యామలాంబ చేట కింద పెట్టి వచ్చి నిలబడింది.

"మచ్చలేని కుర్రోడండి. వాళ్ళక్క ఫ్రాన్సులో ఉంటాదండి. బావగారు అక్కడ రైల్వేలో పెద్దాఫీసరండి," అన్నాడు బంగార్రాజు.

"ఓహో. రాకపోకలున్నాయా?"

శ్యామలాంబ అందుకుంది. "అయ్యో, లేకపోడమేంటి బాబూ! ఆదివారం తప్పితే ఒట్టు, ఫోన్ రావాల్సిందే. తమ్ముడంటే ప్రాణం దానికి. తిన్నాడా, జొరం తగ్గిందా అని ఒకటే అడుగుతాదంట. చీరలూ డబ్బులూ పంపిస్తానే ఉంటాది."

"రేపో మాపో కుర్రోణ్ణి కూడా అక్కడికే తీసుకుపోతారంటండీ," అని ముగించాడు బంగార్రాజు. "అమ్మాయి సుఖపడిపోద్దండి."

"ఏ అమ్మాయి?" అన్నాడా పెద్దమనిషి.

"మీ అమ్మాయేనండీ."

ఆయన సోడా డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. సాయంత్రం సామ్యేలు ఇంటికొచ్చేసరికి రత్నమాణిక్యం బూరెలు వండుతోంది. గుమ్మంలో శ్యామలాంబ.

"ఒరేయ్, నీకు సంబంధం వచ్చిందిరా! పెద్దమనిషి ఎంత మర్యాదస్తుడో! ఊరూ పేరూ మాత్రం చెప్పలేదు."

"ఎలా ఉన్నాడు పిన్నీ?"

"బానే ఉన్నాడు. తెల్ల చొక్కా. ఎర్రతోలు బూట్లు, కూచుంటే ప్యాంటు కింద ఖాకీ మేజోళ్ళు, పోలీసోళ్ళకి మల్లే..." అంటూనే శ్యామలాంబ ఆగింది.

ఏమేం చెప్పారో అడిగి తెలుసుకున్నాడు. తల్లి వంక చూడలేదు. బూరె తుంచి నోట్లో వేసుకుని, బావుందమ్మా అన్నాడు.

విశాఖ నుంచి పిలుపొచ్చింది. భద్రతాధికారి నెమ్మదైన మనిషి. కూర్చోమని, ఫైలు ముందుకు లాక్కున్నాడు.

"చూడు బాబూ, అక్క విదేశీ పౌరురాలు కావడం వల్లనే నిన్ను ఆపం. అలాంటివాళ్ళు లోపల పనిచేస్తున్నారు. నువ్వు దాచలేదు కూడా. కానీ నీ కాగితం రాకపోకలు లేవంటోంది. మీ వీధి వారం వారం ఫోనొస్తుందంటోంది. డబ్బొస్తుందంటోంది. నిన్నూ తీసుకుపోతారంటోంది. ఏది నిజం?"

సామ్యేలు ముందుకు వంగి చూశాడు. బల్ల మీద ఆ ఫైలు. అందులో ఒక అక్క ఉంది. ఆదివారం తప్పకుండా ఫోన్ చేసే అక్క. సర్కారు ముద్రతో.

"నా గురించి ఏమంటుందని రాశారండీ?"

అధికారి కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఎందుకు?"

"ఊరికేనండి."

ఆయన కాగితం తిప్పాడు. "తిన్నాడా, జ్వరం తగ్గిందా అని అడుగుతుందట."

సామ్యేలు తల వంచుకున్నాడు. ఔనండి, అడుగుతుందండి అని చెప్పేద్దామనిపించింది. ఉద్యోగం పోతే పోనీ, ఆ మాట అలా ఉండిపోనీ అని. చివరికి, "ఫోన్ రాదండి. మా అమ్మ అలా చెప్పుకుంటాదండి," అన్నాడు.

"అయితే అది మాకు తేలాలి. మళ్ళీ విచారణకు మనిషిని పంపుతాను. చెప్పినవాళ్ళే కాదని చెప్పాలి. ఆపైన చూస్తాం."

నాలుగు రోజులు షెడ్డుకు పోయాడు, వచ్చాడు. అయిదో రోజు అన్నం వడ్డిస్తూ రత్నమాణిక్యమే అడిగింది, వైజాగు వాళ్ళేమన్నార్రా అని. చెప్పాడు. సగం చెప్పేసరికే ఆవిడ చేతిలోని గరిటె గిన్నెలోకి దిగిపోయింది.

"నీకెప్పట్నుంచి తెలుసురా?"

"నాన్న పోయిన రోజునుంచి."

"మరి ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూచుని ఎలా వింటన్నావురా?"

"బావుండేదమ్మా, వింటానికి."

అన్నం చల్లారిపోయింది. అప్పుడు ఆవిడ లేచి, పైట సర్దుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. వద్దమ్మా అంటూ అతను వెనకే వెళ్ళాడు. బంగార్రాజు కొట్టు ముందు అయిదారుగురున్నారు. శ్యామలాంబ చింతపండు తూయించుకుంటోంది.

"బంగార్రాజూ, శ్యామలా, అందరూ వినండి," అంది రత్నమాణిక్యం. "మా ఆశ ఫోన్ చెయ్యదు. ఎప్పుడూ చెయ్యలేదు. చీరలు పంపలేదు. అది ఎక్కడుందో కూడా నాకు తెలీదు. నేనే అబద్ధమాడేను."

బంగార్రాజు అటూ ఇటూ చూసి, తక్కెడ దించి, కన్ను గీటాడు.

"అర్థమైందండి పిన్నిగారూ. మళ్ళీ వస్తాడా ఆ ఎర్రబూట్లోడు?"

"ముందే చెప్పొద్దా వదినా!" శ్యామలాంబ బుగ్గలు నొక్కుకుంది. "మేం సంబంధమనుకుని నోటికొచ్చిందల్లా వాగేం. ఇక మాకొదిలెయ్. ఫోనూ లేదు, గీనూ లేదు. చూస్తావుగా!"

"అది కాదే శ్యామలా, నిజంగానే..."

"నిజమే వదినా, నిజమే! మేమేమన్నా చిన్నపిల్లలమా?"

ఒక్కరు కూడా నమ్మలేదు. నవ్వుతూ వీపు తట్టారు. రత్నమాణిక్యం ఇంటికొచ్చి పీట మీద కూలబడి, "నమ్మలేదురా," అంది. ఊపిరి పీల్చుకున్నట్టూ ఉంది, ఎవరో నెట్టేసినట్టూ ఉంది.

పది రోజులకు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి దాపరికం లేకుండా, ఫలానా హెడ్ కానిస్టేబుల్నని చెప్పుకునే వచ్చాడు. సామ్యేలు ఇంట్లోనే ఉన్నాడు. వీధి వీధంతా వాకిట్లో చేరింది.

"మొన్న ఫోనన్నారు. ఇవాళ లేదంటున్నారు," అన్నాడాయన.

"ఉత్తదండి," అన్నాడు బంగార్రాజు. "ఆడపిల్ల తరపోరనుకుని గొప్పలు చెప్పేమండి. ఆ పిల్లకి పుట్టింటి ధ్యాసే లేదండి."

"అసలు తల్లిని తల్లనుకుంటేగా!" శ్యామలాంబకు ఊపొచ్చింది. చేతులు తిప్పుతూ చెప్పసాగింది. "కన్నతండ్రి పోతే రాలేదు. ఒక ఉత్తరమ్ముక్క లేదు. ఆ పిల్ల వీళ్ళనెప్పుడో మర్చిపోయింది బాబూ. ఎక్కడుందో, ఎలా ఉందో. అసలు బతికుందో లేదో కూడా..."

"అనకే."

రత్నమాణిక్యం గొంతు పెద్దదేమీ కాదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "ఆ మాటొద్దే శ్యామలా. నీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం అనకే."

శ్యామలాంబ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. రత్నమాణిక్యం మొహం వంక చూసింది, సామ్యేలు వంక చూసింది. నెమ్మదిగా చేతులు దించుకుంది. ఫోన్ నిజంగానే ఎప్పుడూ రాలేదని వాకిట్లో ఒక్కొక్కరికీ తెలిసొస్తోంది.

హెడ్డు అబద్ధాలు విని విని పండినవాడు. వీధి నాటకమాడుతోందని మొదటి మాటకే గ్రహించాడు. కానీ ఈ గుమ్మంలో మనిషిది నాటకం కాదు. జనాన్ని వెళ్ళిపొమ్మని, అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీ అమ్మాయి గొంతు ఆఖరిసారి ఎప్పుడు విన్నారు?"

"యానాం వెళ్ళటానికి పంటెక్కినప్పుడు, బాబూ. ఒడ్డున నేను. అక్కణ్ణుంచి అరిచింది, గాలికి సరిగా వినపళ్ళేదు." కాస్త ఆగింది. "ఫోన్లో దాని గొంతెలా ఉంటాదో నాకు తెలీదు. స్టేషన్లో కూచుని ఎన్నిసార్లు అనుకున్నానో. ఫోన్లో అందరి గొంతూ మారిపోద్దంటారు కదా. నిజంగా చేస్తే ఆనవాలు పడతానో లేదోనని."

ఆయన రాసుకోవడం మానేసి కలానికి మూత పెట్టాడు. వెళ్ళేటప్పుడు సామ్యేలు భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

అప్పట్నుంచి శ్యామలాంబ ఆదివారం సాయంత్రాలు రత్నమాణిక్యం అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఫ్రాన్సు సంగతి ఎత్తేది కాదు. సగం అల్లిన లేసు చేతికిచ్చి, ఈ చివర ఎలా మడవాలి వదినా అని తెలిసిన పనే అడిగేది.

అనుమతి వచ్చేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. తల్లీకొడుకులు విశాఖ వెళ్ళి, గేటుకు దగ్గర్లో రెండు గదుల వాటాలో దిగారు. బయల్దేరేముందు రత్నమాణిక్యం కొత్త చిరునామా బంగార్రాజు కొట్టులో ఇచ్చింది. ఎవరైనా వచ్చి అడిగితే చెప్పమంది. బంగార్రాజు ఈసారి కన్ను గీటలేదు. ఆవిడ చూస్తుండగానే తక్కెడ వెనక గోడకు ఆ కాగితం అంటించాడు.

సామ్యేలు ఓడ కింద నిలబడ్డాడు. గోదావరి పంటులు పాతిక ఒకదాని మీద ఒకటి పేర్చినా అంత ఎత్తు రాదు. మొదటి రోజు తల పైకెత్తి చూస్తే మెడ పట్టేసింది. రెండో రోజు నుంచి పనిలో పడ్డాడు. అతని అతుకుల గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆ పనికి మెప్పు.

అక్కడ ఏటా ఒకసారి భద్రతా విభాగానికి వెళ్ళి సంతకం పెట్టాలి. విదేశాల్లోని బంధువులతో ఈ ఏడాది ఏమైనా మాటా మంచీ జరిగిందా అని అడుగుతారు. జరిగితే వెంటనే తెలపాలి. తోటివాళ్ళకు ఆ గది పేరు చెబితేనే విసుగు. మూడో ఏడు కూడా సామ్యేలు లేదనే రాశాడు.

"మీకు హాయండీ," అంది కౌంటర్లో గుమస్తా హేమశ్రీ. "మిగతావాళ్ళు మా బాబాయి దుబాయినుంచొచ్చాడు, మా వదిన సింగపూర్ నుంచి ఫోన్ చేసిందీ అని పేజీలు పేజీలు రాస్తారు. మీదెప్పుడూ ఒక్క ముక్కే. ఒకవేళ ఎప్పుడైనా కాంటాక్టయితే మాత్రం చెప్పడం మర్చిపోకండేం."

"మర్చిపోతానా అండీ!" అన్నాడు సామ్యేలు. "ఆ రోజే వస్తానండి. మీరు తలుపులు తీసేసరికే ఇక్కడుంటాను."

హేమశ్రీ స్టాంపు వేయబోతూ ఆగి, తలెత్తి అతని వంక చూసింది.